బెర్లిన్ వీకెండ్: ఐదుగురు స్నేహితులు, ఒక్కొక్కరిది ఒక్కో కోరిక. సలహాలు చెప్పండి

ఎల్బే_కుర్రాడు

అందరికీ నమస్తే. నేను మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. బీటెక్‌లో ఒకే గదిలో ఉన్న ఐదుగురం ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నాం. ఇద్దరు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నారు, ఒకడు వార్సాలో ఉన్నాడు, ఇంకొకడు డబ్లిన్‌లో చదువుతున్నాడు. కాలేజీ వదిలాక అందరం ఒక్కచోట చేరింది లేదు. జూన్ చివర్లో ఒక శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా బెర్లిన్‌లో కలుద్దామని అనుకున్నాం.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, మాలో ఒకడికి టెక్నో (క్లబ్బుల్లో వాయించే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం) అంటే ప్రాణం. వాడు వచ్చేదే క్లబ్బుల కోసం. ఇంకొకడు మందు ముట్టడు, గట్టి శబ్దం అసలే పడదు. మూడోవాడికి బెర్లిన్ గోడ, మ్యూజియంలు, చరిత్ర కావాలి. నాకూ మిగిలినవాడికీ అందరం కలిసి ఉంటే చాలు. గ్రూపులో రోజూ ఇదే చర్చ. మాటా మాటా పెరిగి అసలు ప్రయాణమే ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.

అక్కడ ఉంటున్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. పగలు ఏం చూడాలి, రాత్రి ఎటు వెళ్లాలి, ఖర్చు ఎలా తగ్గించుకోవాలి, వీసా విషయంలో చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

డబ్లిన్_చినుకు

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ముందు డబ్లిన్ స్నేహితుడి సంగతి చూడు. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు. జేబులో ఐరిష్ రెసిడెన్స్ కార్డు ఉన్నా సరే, భారతీయ పాస్‌పోర్టుతో జర్మనీ రావాలంటే షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే. ఫీజు 90 యూరోలు. దరఖాస్తు ఇచ్చాక నిర్ణయానికి మామూలుగా 15 రోజులు. అసలు కష్టం అపాయింట్‌మెంట్ దగ్గరే. వేసవి వస్తే స్లాట్ల కోసం జనం పడిగాపులు కాస్తారు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి ఇంకా ఆగడంలో అర్థం లేదు.

విమానం టికెట్ కొనేసి, వీసా చేతికి రాక ఆగిపోయినవాళ్లను ఇక్కడ చూస్తూనే ఉంటాను. మీవాడిని ఈరోజే స్లాట్ చూడమను. ఐరిష్ కార్డు గడువు కూడా చూసుకోమను, తిరిగి వెళ్లేటప్పుడు అది కావాలి.

వార్సా_వాసి

పోలండ్ స్నేహితుడికి వీసా అక్కర్లేదు. పోలిష్ రెసిడెన్స్ కార్డు ఉంటే 180 రోజుల్లో 90 రోజుల దాకా మిగతా షెంగెన్ దేశాల్లో తిరగొచ్చు. ఒక్కటి మాత్రం అడుగు: అతని దగ్గర కార్డు ఉందా, లేక కార్డుకు దరఖాస్తు చేశాక పాస్‌పోర్టులో వేసే ముద్ర మాత్రమే ఉందా? ఆ ముద్రతో పోలండ్‌లో ఉండొచ్చు, అంతే. దాన్ని చూపించి జర్మనీ వెళ్లడానికి వీల్లేదు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటిలో తనిఖీలు పెట్టింది. రైల్లో పోలీసులు ఎక్కి అడగొచ్చు. పాస్‌పోర్టు, కార్డు రెండూ అసలువి పట్టుకుని రమ్మను. ఫోన్లో ఫోటో చూపిస్తే కుదరదు. వార్సా నుంచి బెర్లిన్‌కి నేరుగా రైలుంది, ముందే కొంటే ధర బాగానే ఉంటుంది.

స్ప్రీ_తీరం

బెర్లిన్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, మా ఇంటికి ఇలా స్నేహితుల బృందాలు వస్తూనే ఉంటాయి. నేను గమనించింది ఒక్కటే. ఐదుగురూ అన్ని గంటలూ కలిసే ఉండాలని పట్టుబట్టిన బృందాలే పోట్లాడుకుని వెళ్తాయి. శబ్దం పడనివాడిని రాత్రి 2 గంటలకు క్లబ్ బయట లైన్లో నిలబెడితే వాడికీ నరకమే, పక్కవాడికీ నరకమే. మీరు ముందే కూర్చుని "ఈ గంటల్లో అందరం ఉంటాం, ఈ గంటల్లో ఎవరి దారి వారిది" అని మాట్లాడుకోండి.

నా ప్లాన్ చెప్తాను, నచ్చింది తీసుకో.

శుక్రవారం రాత్రి రైష్టాగ్ గాజు గోపురం ఎక్కండి. పార్లమెంటు భవనం మీద ఉంటుంది, నార్మన్ ఫోస్టర్ డిజైన్ చేశాడు, 1999లో తెరిచారు. లోపల మెలికలు తిరిగే బాట మీద పైకి నడుస్తుంటే కింద సభ జరిగే హాలు కనిపిస్తుంది. ప్రజలు పైన, ప్రతినిధులు కింద అన్న ఆలోచనతో కట్టింది. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన కట్టడం అదే. ప్రవేశం ఉచితం కానీ బుండెస్టాగ్ (జర్మన్ పార్లమెంటు) వెబ్‌సైట్‌లో ముందే అందరి పేర్లు, పుట్టినతేదీలు ఇచ్చి నమోదు చేసుకోవాలి. గోపురం అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుంది, చివరి ప్రవేశం 21:45కి. జూన్ చివర్లో ఇక్కడ సూర్యాస్తమయం 21:30 దాటాకే. అర్థమైంది కదా, ఏ స్లాట్ తీసుకోవాలో! పాస్‌పోర్టులు మర్చిపోవద్దు, గేటు దగ్గర చూస్తారు.

దిగాక బ్రాండెన్‌బుర్గ్ గేట్ నడిచే దూరంలోనే. అక్కడి నుంచి ఉంటర్ డెన్ లిండెన్ రోడ్డు వెంట నడుస్తూ బేబెల్‌ప్లాట్జ్ దాకా వెళ్లండి. 1933 మే 10న నాజీ విద్యార్థులు పుస్తకాలు తగలబెట్టిన చోటు అది. నేలలో ఒక గాజు పలక ఉంటుంది. వంగి చూస్తే కింద తెల్లటి ఖాళీ అరలు కనిపిస్తాయి, 20,000 పుస్తకాలు పట్టేన్ని. మికా ఉల్మాన్ అనే శిల్పి 1995లో చేసింది. పగలు గాజు మీద ఆకాశం, మన ముఖాలే కనబడతాయి. రాత్రి లోపలి వెలుగు పైకి వస్తుంది. అందుకే రాత్రే చూడమంటాను. మందు తాగని స్నేహితుడికీ ఇది అసలైన బెర్లిన్ రాత్రే.

శనివారం పొద్దున బెర్నౌవర్ స్ట్రాసె అనే వీధి. గోడ అంటే చాలామంది నేరుగా ఈస్ట్ సైడ్ గ్యాలరీకి వెళ్లి బొమ్మల ముందు ఫోటోలు దిగి వచ్చేస్తారు. అది కూడా చూడండి, 1.3 కిలోమీటర్ల గోడ, 1990లో చిత్రకారులు వచ్చి గీసిన బొమ్మలు, బాగుంటుంది. కానీ ఈ గోడ మనుషులను ఏం చేసిందో తెలియాలంటే బెర్నౌవర్ స్ట్రాసెకే వెళ్లాలి. అక్కడ ఇళ్లు తూర్పు బెర్లిన్‌వి, వాటి ముందున్న ఫుట్‌పాత్ పశ్చిమ బెర్లిన్‌ది. 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసేశాక జనం తమ ఇంటి కిటికీల్లోంచి పశ్చిమ బెర్లిన్‌లోకి దూకారు. తర్వాత కిటికీలు ఇటుకలతో మూసేశారు, ఆ తర్వాత ఇళ్లే కూల్చేశారు. కాపలా బురుజు, మధ్యలో ఖాళీ నేల, రెండు గోడలు ఎలా ఉండేవో అలాగే ఒక ముక్క ఉంచారు. ఎదురుగా ఉన్న భవనం పైకెక్కి చూడాలి. ఉచితం. గోడ దగ్గర కనీసం 140 మంది చనిపోయారు, వాళ్ల ఫోటోలు ఒక వరుసలో ఉంటాయి. ఇక్కడ రెండు గంటలు పెట్టుకోండి, హడావిడి పడకండి.

మధ్యాహ్నం మనసు తేలికపడాలంటే టెంపెల్‌హోఫర్ ఫెల్డ్. 2008లో మూసేసిన విమానాశ్రయం, 2010 నుంచి పార్కు. రన్‌వే మీద సైకిల్ తొక్కొచ్చు. 1948-49లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కి దారులన్నీ మూసేస్తే బొగ్గు, పిండి, పాలపొడి విమానాల్లో దిగింది ఇక్కడే. అంచున ఇళ్లు కడతామంటే 2014లో ఊరి జనం ఓటు వేసి వద్దన్నారు. చీకటి పడ్డాక గేట్లు మూసేస్తారు, గుర్తుపెట్టుకోండి.

టికెట్ల సంగతి: నీకు, మ్యూనిక్ వాళ్లకు డాయిచ్‌లాండ్ టికెట్ ఉండే ఉంటుంది (దేశమంతా ప్రాంతీయ రైళ్లు, బస్సుల్లో చెల్లే నెలవారీ టికెట్, 2023లో 49 యూరోలతో మొదలై 2026 జనవరి నుంచి 63 అయింది). బెర్లిన్ ఊ-బాన్ (మెట్రో), ఎస్-బాన్ (లోకల్ రైలు), ట్రామ్, బస్సు అన్నీ అందులోనే. మాగ్డెబుర్గ్ నుంచి ఆర్‌ఈ1 రైలు నేరుగా వస్తుంది. మ్యూనిక్ వాళ్లు మాత్రం దాంతో ఐసీఈ (వేగంగా వెళ్లే దూరప్రాంత రైలు) ఎక్కలేరు. ప్రాంతీయ రైళ్లు మారుతూ వస్తే రోజంతా రైల్లోనే పోతుంది. వాళ్లు ఐసీఈకి చౌక టికెట్ ముందే కొనుక్కోవడం మేలు. బెర్లిన్ టికెట్లు ఏ, బీ, సీ జోన్ల లెక్కన ఉంటాయి. డబ్లిన్ నుంచి వచ్చేవాడికి విమానాశ్రయం సీ జోన్‌లో ఉంటుంది, ఏబీ టికెట్ సరిపోదు, ఏబీసీ కొనాలి. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫారం మీద మెషీన్లో ముద్ర వేయించుకోవాలి. లేకపోతే 60 యూరోలు కట్టిస్తారు.

టెక్నోపిచ్చి

స్ప్రీ అక్క పగలు చెప్పేసింది, రాత్రి నేను చెప్తా.

మీ టెక్నో స్నేహితుడు ముందు బెర్గ్‌హైన్ అంటాడు, అందరూ అదే అంటారు. పాత విద్యుత్ కేంద్రంలో 2004 నుంచి నడుస్తున్న క్లబ్. గంటల తరబడి లైన్, చివర్లో తల అడ్డంగా ఊపితే వెనక్కి రావాలి. కారణం చెప్పరు, అడిగినా లాభం లేదు. ఐదుగురు మగపిల్లలు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తే దాదాపు ఏ మంచి క్లబ్‌లోనూ పనవదు. ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఆ రాత్రి ఎవరు వాయిస్తున్నారో తెలుసుకుని వెళ్లండి, తలుపు దగ్గర అడుగుతారు. అడగకపోయినా తెలుసుకోవాలి, సంగీతం కోసమే కదా వెళ్లేది! మెరిసే చొక్కా, లెదర్ షూ వద్దు. మామూలు నల్ల టీషర్టు, నడవగలిగే బూట్లు చాలు. నగదు పెట్టుకోండి.

లోపలికి వెళ్లేముందు ఫోన్ కెమెరాల మీద స్టిక్కర్లు అంటిస్తారు. లోపల ఫోటోలు తీయకూడదు, తీస్తే బయటికి పంపిస్తారు. నాకు ఈ నియమం చాలా నచ్చుతుంది. ఎవరూ ఎవరినీ రికార్డు చేయరు కాబట్టి మనుషులు నిజంగా డాన్స్ చేస్తారు.

ఇంకో మాట, 11 గంటలకు వెళ్లకండి. అప్పుడు ఖాళీ. ఊరు కదిలేది రాత్రి ఒంటిగంట తర్వాతే. కొన్ని క్లబ్బులు శనివారం తెరిస్తే సోమవారం పొద్దుటి దాకా మూయవు. ఆదివారం పొద్దున్నే నిద్రలేచి, స్నానం చేసి, టిఫిన్ తిని క్లబ్‌కి వెళ్లేవాళ్లు ఇక్కడ బోలెడంత మంది. మీవాడికి అది చెప్పండి. రాత్రంతా మేల్కోకుండానే వాడి కోరిక తీరుతుంది.

నిమ్మసోడా

నేను మందు తాగను, క్లబ్బులకు వెళ్లను. ఇలాంటి ట్రిప్పుల్లో మాలాంటివాళ్లం సంచులు కాపలా కాసేవాళ్లమైపోతాం. ఎల్బే తమ్ముడూ, మీ ఆ స్నేహితుడిని దయచేసి "ఒక్కసారి రారా, నచ్చుతుంది" అని బలవంతం చేయకండి. వద్దన్నాక మళ్లీ మళ్లీ అడిగితే అది స్నేహంలా అనిపించదు.

టెక్నోపిచ్చి

నిమ్మసోడా, బలవంతం తప్పే, ఒప్పుకుంటాను. కానీ రెండో వైపు కూడా చూడండి. క్లబ్ ఇష్టమైనవాడిని "తాగుబోతు" అన్నట్టు చూసేవాళ్లు మన బృందాల్లో చాలామంది. నేను క్లబ్‌లో ఎక్కువగా నీళ్లే తాగుతాను. ఆరు గంటలు డాన్స్ చేయాలంటే మందుతో కుదరదు. మందు వేరు, సంగీతం వేరు.

నిమ్మసోడా

అది నిజమే. ఆ కోణంలో నేను ఆలోచించలేదు. మావాళ్లలో ఒకడు అచ్చం మీరు చెప్పినట్టే ఉంటాడు.

పాతకాపు

ఈ పగలు-రాత్రి వాదనలో ఒక సంగతి చెప్పాలనిపించింది. బెర్లిన్‌లో రాత్రి జీవితం చరిత్రకు బయట ఉన్నది కాదు. మీలో చరిత్ర పిచ్చి ఉన్నవాడూ టెక్నో పిచ్చి ఉన్నవాడూ నిజానికి ఒకే కథ వెనక పడుతున్నారు.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఊరు నాలుగు దేశాల చేతిలో ఉంది. బార్లు ఎన్నింటికి మూయాలన్న దాని మీద కూడా తూర్పు, పశ్చిమాల మధ్య పోటీ నడిచింది. ఒకరు గంట పెంచితే ఇంకొకరు పెంచేవారు. హైంజ్ జెల్లర్‌మాయర్ అనే హోటల్ యజమాని అమెరికన్ కమాండెంట్ ఫ్రాంక్ హౌలీ దగ్గరికి వెళ్లి అసలు మూసే వేళే వద్దని ఒప్పించాడు. విస్కీ సీసా పట్టుకుని వెళ్లాడని చెప్పుకుంటారు. 1949 జూన్‌లో పశ్చిమ బెర్లిన్‌లో ఆ నియమం పోయింది. ఈరోజు మీ స్నేహితుడు తెల్లారేదాకా బయట ఉండగలుగుతున్నాడంటే మూలం అక్కడుంది.

1989 నవంబర్ 9న గోడ తెరుచుకున్నాక తూర్పున ఎన్నో ఫ్యాక్టరీలు, గోదాములు ఖాళీగా మిగిలాయి. యజమాని ఎవరో తేలడానికే ఏళ్లు పట్టింది. రెండు వైపుల కుర్రకారు ఆ ఖాళీల్లోకి స్పీకర్లు మోసుకెళ్లారు. పాటలో మాటలు పెద్దగా లేకపోవడం వల్ల తూర్పువాడా పశ్చిమం వాడా అన్నది అక్కడ అడ్డం రాలేదు. ట్రేజర్ క్లబ్ 1991లో మొదలైంది ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో, డబ్బు దాచే ఇనుప గదుల్లో. ఇప్పుడు కోపెనికర్ స్ట్రాసెలో పాత విద్యుత్ కేంద్రంలో ఉంది. 2024లో బెర్లిన్ టెక్నో సంస్కృతిని జర్మనీ తన వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే పొద్దున బెర్నౌవర్ స్ట్రాసె చూసి, రాత్రి ఆ క్లబ్‌కి వెళ్తే రెండోది మొదటిదాని కొనసాగింపే.

మనవాళ్ల జాడలు కూడా చూడండి. ఉంటర్ డెన్ లిండెన్‌లో హుంబోల్ట్ విశ్వవిద్యాలయం ముందు నిలబడినప్పుడు గుర్తుచేసుకోండి, హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ 1920ల్లో అక్కడే డాక్టరేట్ చేశారు. రామ్‌మనోహర్ లోహియా కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే చేశారు. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ, 1880లో హైదరాబాద్‌లోనే పుట్టినవాడు, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఈ ఊళ్లో ఉండి భారత స్వాతంత్ర్యం కోసం బెర్లిన్ కమిటీని నడిపాడు. చివరికి మాస్కోలో స్టాలిన్ కాలపు ఊచకోతల్లో 1937లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంత జీవితం గడిపిన మనిషి గురించి మన పిల్లలకు ఒక్క ముక్క తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది. ఆ వీధిలో నడిచే తెలుగు కుర్రాళ్లు కనీసం ఆ పేరు ఒకసారి తలుచుకోవాలి.

ఎల్బే_కుర్రాడు

పాతకాపు గారూ, మీరు రాసింది మా గ్రూపులో పెట్టాను. టెక్నోవాడు మొత్తం చదివి "పొద్దున బెర్నౌవర్‌కి నేనూ వస్తా" అన్నాడు. ఇది నేను ఊహించలేదు. చాలా థ్యాంక్స్ అండి.

వెన్నెలపిట్ట

ఈ త్రెడ్‌లో అబ్బాయిల బృందం గురించే ఉంది కాబట్టి అమ్మాయిల కోసం కొంచెం. మేం నలుగురు అమ్మాయిలం బెర్లిన్‌లో వీకెండ్ గడిపాం, రాత్రులు కూడా తిరిగాం. శుక్ర, శనివారాల్లో ఊ-బాన్ రాత్రంతా నడుస్తుంది, ఇది పెద్ద ధైర్యం. మిగతా రోజుల్లో రాత్రి బస్సులుంటాయి. గ్లాసు ఎక్కడా వదలకూడదు. వదిలితే మళ్లీ తాగకూడదు, కొత్తది తీసుకోవాలి. చాలా క్లబ్బుల్లో అవేర్‌నెస్ టీమ్ అని ఉంటారు, ఎవరైనా వెంటపడుతుంటే వాళ్లకు చెప్పొచ్చు. బార్‌లో "లూయిజా ఇక్కడ ఉందా?" అని అడిగితే సాయం కావాలని సిబ్బందికి అర్థమవుతుంది. 2016లో మ్యూన్‌స్టర్‌లో మొదలైన పద్ధతి, జర్మనీలో చాలా ఊళ్లకు పాకింది. పోలీసు 110, అంబులెన్స్ 112. హింసకు గురైన ఆడవాళ్ల కోసం 116 016 ఉచిత నంబరు, ఏ గంటలోనైనా తీస్తారు.

మేం పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: ఇద్దరు కలిసి వెళ్తే ఇద్దరే కలిసి రావాలి. ఎవరు ఎంత బాగా ఎంజాయ్ చేస్తున్నా సరే, ఒక్కదాన్ని వదిలి రావడం లేదు. అబ్బాయిలకు కూడా ఇదే చెప్తాను. అబ్బాయిలకు ఏమీ కాదని అనుకోవడం పొరపాటు.

ఇంకోటి, యూదుల స్మారకం దగ్గర ఆ 2,711 దిమ్మెల మీద ఎక్కి, దూకి రీల్స్ చేస్తున్నవాళ్లను చూశాను. అందులో మన భాష మాట్లాడుతున్నవాళ్లు కూడా ఉన్నారు. లక్షలమందిని చంపేసినందుకు గుర్తుగా కట్టిన చోటు అది. దయచేసి మధ్యలో నడవండి, లోపలికి పోయే కొద్దీ దిమ్మెలు ఎత్తు పెరుగుతాయి, ఊరి శబ్దం తగ్గిపోతుంది. కింద ఉన్న సమాచార కేంద్రంలో కుటుంబాల కథలు చదవండి. ఫోన్ లోపల పెట్టండి.

స్ప్రీ_తీరం

వెన్నెలపిట్టా, చివరి మాటకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

మర్చిపోయిన ఒకటి: రాత్రి తాగాక అద్దె ఈ-స్కూటర్ ఎక్కకండి. అది మోటారు వాహనం కింద లెక్క, రక్తంలో ఆల్కహాల్‌కి కారు నడిపేవాళ్లకున్న 0.5 (వెయ్యికి అర వంతు) పరిమితే దానికీ. 21 ఏళ్ల లోపు వాళ్లకు సున్నా. ఇద్దరు ఒకే స్కూటర్ మీద ఎక్కడం కూడా నిషిద్ధమే. రాత్రంతా ఊ-బాన్ ఉన్న రోజున ఈ సాహసం ఎందుకు?

మోడరేటర్

ఇక్కడ ఒక వ్యాఖ్య తీసేశాం. పార్కుల్లో గంజాయి ఎక్కడ దొరుకుతుందో చెప్పే రాతలకు ఈ వేదికలో చోటు లేదు. 2024 ఏప్రిల్ నుంచి జర్మనీలో పెద్దవాళ్లు కొంత మేర దగ్గర ఉంచుకోవడం నేరం కాదు, కానీ పార్కులో అమ్మేవాళ్లది చట్టవిరుద్ధమైన వ్యాపారమే. స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు పోలీసు కేసు దాకా తెచ్చుకోవద్దు. చర్చ కొనసాగించండి.

నిమ్మసోడా

రాత్రి క్లబ్‌కి వెళ్లనివాళ్ల కోసం నా అనుభవం రాస్తున్నాను. క్రోయిట్స్‌బెర్గ్ వైపు కాలువ ఒడ్డున జూన్ రాత్రుల్లో జనం నేల మీదే కూర్చుంటారు. ష్పేటి అంటే రాత్రి పొద్దుపోయే దాకా తెరిచి ఉండే చిన్న కొట్టు, ప్రతి వీధిలో ఉంటుంది. అక్కడ నిమ్మరసం సీసా, ఆల్కహాల్ లేని బీరు, ఏదో ఒకటి కొనుక్కుని గంటలు గంటలు మాట్లాడుకోవచ్చు. ఎవరూ లేవమనరు. తాగిన సీసాకి డిపాజిట్ తిరిగి వస్తుంది. తీసుకెళ్లడం కుదరకపోతే చెత్తబుట్టలో వేయకుండా పక్కన పెట్టండి, ఏరుకుని బతికేవాళ్లు తీసుకుంటారు. బుట్టలో చేయి పెట్టే అవస్థ వాళ్లకు తప్పుతుంది.

ఆకలేస్తే ఫలాఫెల్ కొట్లు అర్ధరాత్రి దాటినా ఉంటాయి. శాకాహారులు "గెమ్యూజె కెబాప్" అన్న బోర్డు చూసి మోసపోవద్దు. పేరులో కూరగాయలున్నా సాధారణంగా లోపల చికెన్ ఉంటుంది. అడిగి తీసుకోండి.

ఎల్బే_కుర్రాడు

వెళ్లొచ్చాం! ఇక్కడ సలహా చెప్పినవాళ్లందరికీ ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

డబ్లిన్‌వాడికి వీసా ప్రయాణానికి కొద్ది రోజుల ముందు చేతికొచ్చింది. డబ్లిన్_చినుకు గారూ, మీరు ఆ రోజు చెప్పి ఉండకపోతే వాడు కార్డు చాలనుకుని విమానం ఎక్కడానికి వచ్చేవాడు. మీకు మా ఐదుగురి తరఫున థ్యాంక్స్.

శుక్రవారం స్ప్రీ అక్క చెప్పినట్టే 21:30 స్లాట్‌లో గోపురం ఎక్కాం. ఆకాశం ఇంకా నారింజ రంగులో ఉంది, టీవీ టవర్ మీద ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. ఐదుగురం పైన పక్కపక్కన నిలబడ్డాం. కాలేజీలో మేం టెర్రస్ ఎక్కి చేసిన కబుర్లన్నీ మళ్లీ మొదలయ్యాయి, కిందికి దిగమని సిబ్బంది చెప్పేదాకా కదల్లేదు. బేబెల్‌ప్లాట్జ్‌కి చేరేసరికి దాదాపు అర్ధరాత్రి. అక్కడ మా చరిత్రవాడు ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

శనివారం బెర్నౌవర్ స్ట్రాసెలో అనుకున్నదానికన్నా చాలా ఎక్కువసేపు ఉన్నాం. పడగొట్టిన చర్చి ఉన్నచోట మట్టితో కట్టిన చిన్న ప్రార్థనా మందిరం ఉంది, శబ్దం పడని మా స్నేహితుడు అందులో కూర్చుని చాలాసేపు బయటికి రాలేదు. వాడికి బెర్లిన్‌లో అన్నిటికన్నా నచ్చింది అదేనట. టెంపెల్‌హోఫ్‌లో సైకిళ్లు అద్దెకు తీసుకుని రన్‌వే మీద పోటీ పెట్టుకున్నాం. వార్సావాడు గెలిచాడు, ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

రాత్రి 11 దాకా అందరం ఓబర్‌బౌమ్ వంతెన దగ్గర ఉన్నాం. అప్పటి నుంచి విడిపోయాం. టెక్నోవాడు, ఒక మ్యూనిక్‌వాడు క్లబ్‌కి. మొదట వెళ్లినచోట లోపలికి రానివ్వలేదు. పేరు చెప్పను. ఇద్దరూ కాస్త బాధపడ్డారు, తర్వాత ఇంకోచోటికి వెళ్లారు, అక్కడ నవ్వుతూ లోపలికి పంపారట. తెల్లారి 5 దాకా ఉన్నారు. మేం ముగ్గురం కాలువ ఒడ్డున నిమ్మసోడా గారు చెప్పినట్టే కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో డబ్లిన్‌వాడు ఉద్యోగం దొరక్క ఎంత టెన్షన్ పడుతున్నాడో మొదటిసారి చెప్పాడు. ఫోన్లలో ఇన్ని నెలలు ఒక్క మాట అనలేదు. అందరం క్లబ్‌కే వెళ్లి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. వాడి సీవీ ఇప్పుడు నలుగురం పంచుకుని సరిచేస్తున్నాం.

ఒక దెబ్బ తగిలింది. ఆదివారం రద్దీగా ఉన్న ఊ-బాన్‌లో మ్యూనిక్‌వాడి పర్సు కొట్టేశారు. పాస్‌పోర్టులు హాస్టల్ లాకర్‌లో ఉన్నాయి కాబట్టి అంతటితో పోయింది. 116 116కి ఫోన్ చేసి కార్డులు ఆపించాం, పోలీసు ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే ఇచ్చాం. ఈ నంబరు అందరూ ఫోన్లో పెట్టుకోండి.

టెక్నోపిచ్చి

రెండో క్లబ్‌కి వెళ్లారు చూడు, అది ముఖ్యం. మొదటి తలుపు దగ్గరే ముఖం మాడ్చుకుని హాస్టల్‌కి వచ్చేసేవాళ్లే ఎక్కువ. మీవాడికి నా తరఫున సలాం చెప్పు.

పాతకాపు

డబ్లిన్ అబ్బాయిది ఏ రంగం? చెప్పు నాయనా, నాకు తెలిసినవాళ్లు ఒకరిద్దరు అక్కడ ఉన్నారు. వివరాలు ఇక్కడ రాయకుండా ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

ఎల్బే_కుర్రాడు

పెట్టాను అండి. ఏం చెప్పాలో తెలియడం లేదు.

కొత్తచలి

త్రెడ్ మొత్తం చదివాను. మేం ఆరుగురం డిసెంబర్‌లో వెళ్దామనుకుంటున్నాం. ఇదే ప్లాన్ పనిచేస్తుందా?

స్ప్రీ_తీరం

సగం పనిచేస్తుంది. డిసెంబర్‌లో సాయంత్రం 4 కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు, కాబట్టి బెర్నౌవర్ స్ట్రాసె, టెంపెల్‌హోఫ్ పొద్దున్నే పెట్టుకోండి. కాలువ ఒడ్డున కూర్చోవడం కుదరదు. బదులుగా నవంబర్ చివరి నుంచి క్రిస్మస్ సంతలు ఉంటాయి. గోపురానికి 5 గంటల స్లాట్ తీసుకున్నా దీపాల వెలుగులో ఊరంతా కనిపిస్తుంది, శుభ్రం చేయడానికి మూసే తేదీలు మాత్రం సైట్‌లో చూసుకోండి. ఆరుగురూ ఎక్కడెక్కడి నుంచి వస్తున్నారు? అందులో ఐర్లాండ్, ఇంగ్లండ్ వాళ్లు ఎవరైనా ఉంటే వీసా పని ఇప్పుడే మొదలుపెట్టించండి.